ఆగకుండా ఎక్కిన పల్లకి

మల్లవరం రాజు ఉగాదినాడు, పది రోజుల్లో సగం బరువు తగ్గిపోతానని శపథం చేశాడు. అది కుదరదు, కొంచెం కొంచెంగా తగ్గాలన్న వైద్యుణ్ణి చెరసాలలో వేయించాడు.

మర్నాడు రాజు కొండమీది కోటకు బయల్దేరాడు. బోయీలు పల్లకి దించకుండా పరుగెత్తి, సగం మెట్లకే చతికిలబడ్డారు.

రాజుకేమీ అర్థం కాలేదు. "ఏమైందిరా?"

"కొత్త సంవత్సరం కదా ప్రభూ! ఎక్కడా ఆగకుండా పైకి చేరాలని ఒట్టు పెట్టుకున్నాం," అన్నాడు బోయీల పెద్ద గవరయ్య, రొప్పుతూ.

"మతి పోయిందా? ఇంత బరువుతో అలా ఎవడెక్కగలడు? పది మెట్లెక్కి ఆగాలి, మళ్లీ పదెక్కాలి!"

"వైద్యులుగారు కూడా తమకు అదే చెప్పారు ప్రభూ."

రాజు సిగ్గుగా బుర్ర గోక్కున్నాడు. వైద్యుణ్ణి విడిపించమని భటుణ్ణి పంపి, తానే పల్లకి దిగాడు.

"ఇవాళ్టికి పది మెట్లేగా?" అన్నాడు అనుమానంగా.