నాగులవలసలో ఆగిన బండి

తవిటయ్య గురువుగారిని ఏమడిగినా వెంటనే జవాబు రాదు. అడిగినవాడికి ముందు ఏదో ఒక పని పురమాయిస్తారు. ఆ సంగతి తెలిసి కూడా రామజోగినాయుడు ఒక సాయంత్రం ఉండబట్టలేక అడిగేశాడు.

"గురువుగారూ, పార్లమెంటుకి ఒక్కసారే వెళ్లాను. ఓడిపోయి పదిహేనేళ్లయింది. ఈసారీ టిక్కెట్టు రాలేదు. ఇంకొక్కసారి ఆ సభలో నిలబడాలని ప్రాణం కొట్టుకుంటోంది. ఇంట్లోవాళ్లతో మాట్లాడాలని కూడా అనిపించడం లేదు. ఈ కోరిక పోయేదెలా?"

ఉన్న అయిదేళ్లలో నాయుడు సభలో నోరు విప్పింది ఒక్కసారే. తెలుగులో మాట్లాడతానని ముందుగా చీటీ రాసిచ్చి, అనువాదం చెప్పే మనిషి వచ్చి కూర్చున్నాక లేచి, రాయగడ వెళ్లే రైలుబండి తమ ఊరు నాగులవలసలో ఆగాలని అడిగాడు. సభంతా చెవులకు యంత్రాలు తగిలించుకుని తన మాటే విన్నదని ఆయన నమ్మకం. నిజానికి సగం కుర్చీలు ఖాళీ, మిగతా సగంలో కునికిపాట్లు. అయితేనేం, మరుసటి ఏడు నుంచి బండి ఆగింది. మైకు మీద ఎర్ర దీపం వెలిగి, తన గొంతు తనకే కొత్తగా వినబడిన ఆ క్షణం కోసం ఆయన ఇప్పటికీ పసివాడిలా బెంగపెట్టుకుని ఉన్నాడు.

గురువుగారు అంతా విన్నారు. "రేపు పొద్దున్న మా చెల్లి రాయగడ ఎల్తాది. పనసకాయల గంప బరువుగా ఉంది. టేసను దాకా కాస్త సాయం రా, నాయుడూ," అన్నారు.

మర్నాడు బండి వచ్చి ఆగింది. జనం తోసుకుంటూ ఎక్కారు. గురువుగారి చెల్లెలు పైడమ్మ కూడా ఎక్కి, తలుపు దగ్గర నిలబడి చేతులు చాచింది. గంప ఎత్తబోయిన నాయుడికి మనసు ఊరుకోలేదు.

"ఈ బండి ఇక్కడ ఆగుతోందంటే నా వల్లేనమ్మా. ఢిల్లీలో అడిగింది నేనే."

"మంచి పనే సేసినావు బాబూ. బేగి ఎత్తు, బండెలిపోతాది!"

ఎత్తాడు. గంప ఆమె చేతికి అందిందో లేదో, బండి కదిలింది. ఆఖరి పెట్టె మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా నాయుడు చూస్తూనే ఉన్నాడు. ప్లాట్‌ఫారం మీద వాళ్లిద్దరే మిగిలారు. ఆయన కళ్లు చెమర్చాయి.

"ఇంకాసేపు ఆగితే ఎంత బాగుండేది గురువుగారూ," అన్నాడు.

గురువుగారు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు.

"తరవాతి టేసన్లోనూ గంపలెట్టుకుని జనం కూసున్నారు, నాయుడూ."