గ్రంథాలయం తలుపు మీద గీత

వడ్రంగి మోక్షాచారికి ఒక అలవాటుంది. పని ఎలా చెయ్యాలో ఎంత ఓపిగ్గానైనా చెబుతాడు. ఎందుకలా అంటే మాత్రం ఉలుకూ పలుకూ ఉండదు. పన్నెండేళ్ళుగా ఆయన దగ్గర ఉలి పట్టిన కోటిలింగానికి ఆ సంగతి తెలుసు. అయినా ఆ రోహిణి కార్తెలో ఉండబట్టలేక అడిగేశాడు.

"చట్రం గాడిలో పలకకి జిగురు పెట్టొద్దన్నారు, చింతగింజ మందం చోటు వదలమన్నారు. వదిలాను. ఇవాళ గ్రంథాలయం పెద్ద భూషయ్యగారు తలుపుని వేలితో తట్టి, లొటలొటలాడుతోందని పదిమందిలో నవ్వారు. పక్కగది తలుపు చేసిన నీలాద్రి పలకని జిగురుతో బిగించాడు, రాయిలా ఉంది. శ్రావణంలో ప్రారంభోత్సవం నాడు ఎవరి తలుపు బాగుంటే వాళ్ళకే బీరువాల పనంతా ఇస్తారట. ఇన్నేళ్ళ నా పేరు గంగలో కలిసిపోతోంది గురువుగారూ! జిగురెందుకు వద్దన్నారు?"

మోక్షాచారి చెవిమీది పెన్సిలు తీసి అతని చేతిలో పెట్టాడు. "పలక చట్రంలోకి దూరేచోట, అంచు వెంబడే గీత గీసి రా."

కోటిలింగం పళ్ళు కొరుక్కుంటూ వెళ్ళి గీశాడు. "ఏం బావా, తలుపుకి ముగ్గెడుతున్నావా?" అన్నాడు నీలాద్రి. కోటిలింగానికి ఒళ్ళు మండిపోయింది గానీ, గీత నాలుగు వైపులా పూర్తిచేసే లేచాడు.

శ్రావణం వచ్చింది. పదిహేను రోజులు ఒకటే ముసురు. ప్రారంభోత్సవం నాడు భూషయ్యగారు ముందు నీలాద్రి తలుపు నెట్టారు. కదల్లేదు. ఇద్దరు భుజాలు ఆనించి తోస్తే పెళపెళమంటూ తెరుచుకుంది. తడికి ఉబ్బిన పలక, ఎటూ పోయే దారిలేక చట్రాన్నే తన్నేసింది. మూలలో అతుకు నోరు తెరిచింది. పాపం, నీలాద్రి మొహంలో నెత్తురుచుక్క లేదు.

తర్వాత కోటిలింగం తలుపు. భూషయ్యగారు ఒక్క వేలితో తోశారు, అంతే, తెరుచుకుంది! తట్టి చూశారు. లొటలొట చప్పుడే లేదు. కోటిలింగం గీత కోసం వెతికాడు. పైనా కిందా అలాగే ఉంది, చెక్క ఉబ్బేది అడ్డంగానే కదా. పక్కల గీతలు రెండూ గాడిలోకి వెళ్ళిపోయాయి. "ఉబ్బింది! ఉబ్బి, వదిలిన చోట్లోకి పోయింది!" అని అరిచేశాడు.

"బీరువాలు నీవేనయ్యా," అన్నారు భూషయ్యగారు.

కోటిలింగం పట్టరాని సంతోషంతో, గొడుగైనా లేకుండా వానలో గురువు దగ్గరికి పరుగెత్తుకొచ్చి అంతా చెప్పాడు. "నా ప్రశ్నకి జవాబు దొరికింది గురువుగారూ!"

మోక్షాచారి చిత్రిక ఆపలేదు. "వేసవికి ఆ గీత మళ్ళీ బయటికొస్తుంది. భూషయ్యగారు మళ్ళీ తట్టి నవ్వుతారు. ఆ రోజు నీ చెయ్యి జిగురు డబ్బా వైపు పోకపోతే, అప్పుడొచ్చి చెప్పు."