నాలుగుసార్లు నాటిన కరివేపాకు

అనగా అనగా, కాకులింకా పూర్తిగా నల్లబడని కాలంలో, గుగ్గిలంపేట అనే పట్నంలో పానకాల శెట్టి అనే బెల్లం వర్తకుడు ఉండేవాడు. ఆయన కొట్లో ఎంత బెల్లం ఉండేదంటే, ఆ వీధి చీమలు ఒక్కొక్కటీ ఏనుగుపిల్లంత ఉండేవి. నవ్వకండి పిల్లలూ! పండగ రోజున వాటి మెడలో గంటలు కట్టి ఊరేగించేవాళ్ళు.

ఆ శెట్టి కొత్త ఇల్లు కట్టించాడు. ఏడేళ్ళు కట్టారు. వీధి గుమ్మం ఎంత ఎత్తంటే, మామిడాకులు కట్టడానికి నిచ్చెన ఎక్కినవాడు కిందికి దిగేసరికి వాడికి గడ్డం పెరిగింది. సొంత పెళ్ళామే పోల్చుకోలేదు. వంటింట్లోంచి "భోజనానికి రండీ" అని కేకేస్తే, ఆ కేక ముందు సావడికి చేరేసరికి అన్నం చల్లారిపోయేది.

వైశాఖమాసంలో గృహప్రవేశం అయింది. పాలు పొంగాయి. చుట్టాలు తిన్నారు, పొగిడారు, వెళ్ళారు. అప్పుడు శెట్టి తీరుబడిగా పెరటి తలుపు తీసి, అలాగే నిలబడిపోయాడు.

ఇంటి చుట్టూ నాలుగు వైపులా ఖాళీ నేల. గోడ దాకా నేల, నేల దాకా గోడ. గడ్డిపోచ లేదు.

"ఇదేమిటే! ఇంత చోటు ఎక్కణ్ణించి వచ్చింది?" అన్నాడు.

"ఎక్కణ్ణించీ రాలేదు. ఇల్లు కట్టగా మిగిలింది," అంది ఆయన భార్య నాంచారమ్మ.

నాంచారమ్మ చంకలో ఒక కుండ ఉంది. కుండలో కరివేపాకు మొక్క. అద్దె ఇంటి అరుగు మీద, కొత్త ఇల్లు ఎప్పుడు పూర్తవుతుందా అని ఎదురుచూస్తూ, మూడేళ్ళు ఆవిడ పెంచిన మొక్క. దానికి నిండా ఇరవై రెబ్బలు.

"ఏమండీ, ముందు దీన్ని నాటండి," అంది నాంచారమ్మ. "ఇది వేళ్ళూని కొత్త చిగురు వేసేదాకా కొత్త పొయ్యి మీద తాలింపు వెయ్యను. ఊరివాళ్ళ ఆకుతో ఈ ఇంట్లో మొదటి తాలింపా? నా ప్రాణం ఒప్పదు."

"దానికేం భాగ్యం! గుంట తవ్వితే పోయె," అని శెట్టి గునపం ఎత్తాడు.

ఎత్తినవాడు దించలేదు. 'ఎక్కడ?' అనిపించింది. అటు తిరిగాడు. ఇటు తిరిగాడు. ఇక్కడ తవ్వితే రేపు అక్కడ బాగుండేదేమో. అక్కడ తవ్వితే ఎల్లుండి ఇక్కడ ఖాళీగా కనిపిస్తుందేమో. గునపం అలా గాలిలో ఎంతసేపు ఉందంటే, పిచ్చుక వచ్చి దాని మీద గూడు కట్టి, గుడ్లు పొదిగి, పిల్లలకి ఎగరడం నేర్పి వెళ్ళిపోయింది.

"లాభం లేదు. తెలిసినవాళ్ళని అడగాలి," అన్నాడు శెట్టి.

మొదట రాజుగారి తోట అధికారి మల్లప్ప వచ్చాడు. ఆయన మీసాలకు కూడా పూలు పూసేవి. ఇల్లంతా చూసి, ముక్కు చిట్లించాడు.

"శెట్టిగారూ, ఇంత మేడ ముందు ఏముండాలి? వెయ్యి రేకుల తామర ఆకారంలో పూల మడులు ఉండాలి. రాజుగారి తోటలో అలాగే ఉంటుంది. కరివేపాకు ఎవరికీ కనిపించని చోట ఉండాలి. ఆ నైరుతి మూల గోడ పక్కన పాతెయ్యండి."

సున్నం తెప్పించి నేల మీద తామర పువ్వు గీశాడు. శెట్టికి భలే నచ్చింది. కరివేపాకును నైరుతి మూలన నాటాడు. ఆ గోడ మధ్యాహ్నానికి పెనంలా కాలిపోయేది. వారం తిరిగేసరికి ఆరు రెబ్బలు రాలాయి.

ఆ కాలంలో మొక్కలు మాట్లాడేవి. మనుషులే వినేవాళ్ళు కాదు.

"శెట్టిగారూ, ఒళ్ళు కాలుతోంది," అంది మొక్క.

"ఉండమ్మా, కొత్త చోటు కదా. నాకూ రాత్రి నిద్ర పట్టలేదు," అన్నాడు శెట్టి.

ఇంతలో సోమయాజుల సిద్ధాంతిగారు వచ్చారు. ఆయన వాస్తు చూస్తే పక్షులు తమ గూళ్ళు విప్పి మళ్ళీ కట్టుకునేవట. ఆయన నైరుతి మూల చూసి గుండెల మీద చెయ్యి వేసుకున్నారు.

"రామ రామ! నైరుతిలో బరువుండాలయ్యా శెట్టీ. ఈ పుల్లకి బరువేది? పెద్ద బండలు తెచ్చి అక్కడ పెట్టు. ఈశాన్యంలో నుయ్యి తవ్వు. మొక్కను వాయవ్యానికి మార్చు."

"మరి తామర పువ్వో స్వామీ?"

"దాని రేకులు దక్షిణానికి పెరిగాయి. ఉత్తరానికి తిప్పు."

సిద్ధాంతిగారు పసుపుతో గీతలు గీయించారు. సున్నం గీతల మీద పసుపు గీతలు పడ్డాయి. మొక్కను పీకి వాయవ్యంలో నాటారు. పీకేటప్పుడు సగం వేళ్ళు తెగాయి. మరో ఏడు రెబ్బలు రాలాయి.

మూడోవాడు మస్తాను సారంగు. ఏడు సముద్రాలు తిరిగిన ఓడ నడిపినవాడు. ఎనిమిదో సముద్రం కూడా తిరిగాడు గానీ, అది చిన్నదని ఎవరికీ చెప్పలేదు.

"శెట్టిగారూ, ఏ దీవికి పోయినా గాలి వచ్చే మూల మనిషి కూర్చుంటాడు, మొక్క కాదు! ఇక్కడ గాలిమేడ కట్టండి. ముందు వైపు కొలను, కొలనులో హంసలు. మొక్కని గుమ్మం దగ్గర పెట్టండి, వచ్చేవాళ్ళకి వాసన తగులుతుంది," అని ఎర్రమట్టితో ఇంకో వరస గీతలు గీసిపోయాడు.

మొక్క మూడోసారి కదిలింది. వీధి దుమ్ములో, గుమ్మం దగ్గర, మూడు రెబ్బలతో మిగిలింది.

ఇక చూడండి నాయనా ఆ పెరడు! తెలుపు, పసుపు, ఎరుపు గీతలు. ఏ గీత నూతిదో, ఏ గీత హంసదో శెట్టికే తెలియదు. గీత తొక్కితే లెక్క తప్పుతుందని ఇంటిల్లిపాదీ గెంతుతూ తిరిగేవాళ్ళు. శెట్టిగారి పెద్దత్త కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళి, మూడు గీతలు కలిసిన చోట చిక్కుకుపోయి, "ఎటు పోవాలి రా నాయనా" అని ఏడ్చింది. ఆవిణ్ణి పల్లకీలో ఎత్తి బయటికి తెచ్చారు.

శెట్టి కూలీలకు పనులు చెప్పబోయాడు. "ఈశాన్యంలో హంసని పాతండి. నైరుతిలో నుయ్యి ఎగరెయ్యండి. తామర పువ్వుని తాడుతో కట్టి... కాదు కాదు, బండల్ని ఈదించండి!"

కూలీలు గంపలు దించి, "అయ్యగారికి ఎండదెబ్బ తగిలింది," అనుకుని చెట్టు నీడ వెతుక్కున్నారు. నీడ ఎక్కడుంది! చెట్టే లేదు కదా.

ఇక భోజనాలంటారా, తాలింపు లేని పప్పు, తాలింపు లేని చారు, తాలింపు లేని మజ్జిగ. శెట్టి విస్తరి ముందు కూర్చుని నిట్టూరిస్తే, ఆ నిట్టూర్పుకి ఎదురింటి పైకప్పు పెంకులు లేచేవి.

రోహిణి కార్తె వచ్చింది. రాళ్ళు కూడా నీళ్ళు అడిగే ఎండ. ఒక పొద్దున నాంచారమ్మ గుమ్మం దగ్గరికి వచ్చి చూస్తే, మొక్కకు ఒక్క రెబ్బ మిగిలింది. మెట్టు మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

శెట్టి ఆవిడ కళ్ళు చూశాడు. పప్పు సంగతి మరిచిపోయాడు.

"నాంచారూ, ఎక్కడ నాటమంటావో నువ్వే చెప్పు. నువ్వు చెప్పిన చోటే నాటుతాను."

నాంచారమ్మ పెరడు కేసి చూసింది. అటు చూసింది, ఇటు చూసింది. "నాకూ తెలీదండీ," అంది. "మూడేళ్ళు పెంచాను గానీ, ఇక్కడ ఎక్కడ బతుకుతుందో నాకు నిజంగా తెలీదు."

అప్పుడు మొక్క, ఆ ఒక్క రెబ్బా ఊపి, గొంతు సవరించుకుంది.

"అమ్మయ్య! ఈ ఇంట్లో ఇన్నాళ్ళకి ఒక నిజం విన్నాను," అంది. "నాకు మూడు మాటలు చెప్పండి. బియ్యం కడిగిన నీళ్ళు ఎటు పారబోస్తారు?"

శెట్టి భార్యను చూశాడు. నాంచారమ్మ, "గీతలు తడుస్తాయని ఇంతవరకూ వీధిలోనే పోస్తున్నాం," అంది.

"మిట్టమధ్యాహ్నం ఈ ఇంటి నీడ ఏ వైపు పడుతుంది?"

"చూడలేదు," అన్నాడు శెట్టి.

"వాన వస్తే నీళ్ళు ఎక్కడ నిలుస్తాయి?"

"ఇంకా వాన రాలేదుగా!"

"మరి ఏం తెలిసి నన్ను పాతారు?" అంది మొక్క. "ఆ ముగ్గురూ పెద్దవాళ్ళే. వాళ్ళు చెప్పిందీ అబద్ధం కాదు. రాజుగారి తోటకి రాజుగారి తోట నిజం, దీవికి దీవి నిజం. ఈ నేల మాత్రం వాళ్ళకి కొత్త. మీకూ కొత్తే. నన్ను మళ్ళీ కుండలోకి ఎక్కించండి. తొలకరి దాకా ఇక్కడ కాపురం చెయ్యండి. గీతలు తొక్కుతూ తిరగండి. ఆ తరవాత చూద్దాం."

"తొలకరి దాకా నువ్వుంటావా?" అని అడిగింది నాంచారమ్మ.

"ఏమో తల్లీ. నాకూ తెలీదు."

మొక్కను కుండలోకి ఎక్కించారు. ఆ రోజు నుంచి నాంచారమ్మ కుండను చంకనెత్తుకునే పని చేసుకుంది. బట్టలు ఆరేసే చోటికి తీసుకెళ్ళింది. ఎండకి కాళ్ళు కాలి ఇవతలికి వచ్చింది. వీధి నూతి దగ్గర దింపింది. చేద తగులుతోందని ఎత్తింది. శెట్టి ఆవిడ వెనకాలే గొడుగు పట్టుకుని తిరిగాడు. ఊరంతా నవ్వింది. ఎంత నవ్వారంటే, ఆ నవ్వులకి పక్క ఊళ్ళో గేదెలు పాలు విరగ్గొట్టాయి.

నవ్వితే నవ్వారు. పది రోజులు గడిచేసరికి శెట్టి ఒక వింత కనిపెట్టాడు.

"నాంచారూ, పొద్దున్నే బియ్యం కడిగేటప్పుడు ఈ కుండని ఎక్కడ దింపుతున్నావు?"

"ఎక్కడేమిటి? వంటింటి వెనక మెట్టు పక్కన."

"మధ్యాహ్నం పప్పు దించాక?"

"అక్కడే. అప్పటికి అటు నీడ తిరుగుతుంది కదా."

"సాయంత్రం?"

నాంచారమ్మ ఆలోచించింది. "అక్కడే అనుకుంటానండీ. ఎందుకో చెయ్యి అటే పోతుంది."

మెట్టు పక్కన, ఆవిడ కడుగునీళ్ళు పోసిన చోట, అరచేయంత పచ్చిక మొలిచింది. ఆ పెరట్లో అదే మొదటి పచ్చదనం.

శెట్టి గునపం అందుకున్నాడు. "ఆగండి," అంది మొక్క, లేని ఓపిక తెచ్చుకుని. "మూడో మాట మిగిలింది."

మృగశిర కార్తెలో వాన వచ్చింది. మామూలు వానా అది! ఒక్కో చినుకూ గుమ్మడికాయంత. సున్నం, పసుపు, ఎర్రమట్టి అన్నీ కలిసి కాలవ కట్టి వీధిలోకి పోయాయి. శెట్టి, నాంచారమ్మ వంటింటి గడపలో నిలబడి చూశారు. తామర పువ్వు గీసిన చోట మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. నైరుతిలో సిద్ధాంతిగారు పెట్టించిన బండలు కూరుకుపోయాయి. గుమ్మం దగ్గర వరద మట్టిని కోసుకుపోయింది. వంటింటి మెట్టు పక్కన మాత్రం నీరు వచ్చింది, నేలను తడిపింది, నిలవకుండా సాగిపోయింది.

శెట్టి తడుస్తూనే వెళ్ళి అక్కడ గుంట తవ్వాడు. నాంచారమ్మ కుండను మెల్లిగా పగలగొట్టి, మట్టి చెదరకుండా మొక్కను దింపింది. నాలుగోసారి.

మూడు రోజులు ఏమీ లేదు. వారం ఏమీ లేదు. ఆ ఒక్క రెబ్బా పండిపోయి రాలిపోయింది. పుల్ల మిగిలింది. నాంచారమ్మ రోజూ కడుగునీళ్ళు పోస్తూనే ఉంది.

పన్నెండో రోజు ఆ పుల్ల కణుపు దగ్గర, చీమ తలకాయంత ఎర్రటి చిగురు కనిపించింది. మామూలు చీమే సుమా, శెట్టిగారి వీధి చీమ కాదు.

శ్రావణమాసానికి రెబ్బలు నిండాయి. నాంచారమ్మ ఒక్క రెబ్బ తుంచి, కాగిన నూనెలో వేసింది. ఆ చిటపటకి పట్నం ఉలిక్కిపడింది. ఆ ఘుమఘుమకి రాజుగారు సింహాసనం మీద నించి లేచి, విస్తరి వెయ్యమన్నారట. మల్లప్ప, సిద్ధాంతిగారు, సారంగు ముగ్గురూ వాసన పట్టుకుని వచ్చి, "నేను చెప్పిన చోటే నాటారు కదూ!" అని ముగ్గురూ అన్నారు. శెట్టి కాదనలేదు. మూడు విస్తళ్ళు వేయించాడు.

తరవాత ఆ పెరట్లో ఒక్కొక్కటే వచ్చాయి. నీళ్ళు నిలిచే చోట అరటి. నడిచి నడిచి బాట పడిన చోట రాళ్ళ వరస. గాలి తగిలే మూల మాత్రం సారంగు చెప్పినట్టే అరుగు కట్టారు. తెలిసి చెప్పాడో, తెలియక చెప్పాడో, అది కుదిరింది.

ఏడాది తిరిగింది. పక్క వీధిలో గానుగ వీరేశం కొత్త ఇల్లు కట్టుకుని, శెట్టి దగ్గరికి వచ్చాడు.

"బావగారూ, పట్నంలో మీ పెరడు తరవాతే ఎవరి పెరడైనా. మా ఇంటికి మీరే వచ్చి, ఎక్కడ ఏది వెయ్యాలో గీసి ఇవ్వాలి."

శెట్టి ఛాతీ రెండు మూరలు ఉబ్బింది. సరిగంచు ఉత్తరీయం వేసుకున్నాడు. చేతికర్ర పట్టుకున్నాడు. వీరేశం పెరట్లోకి రాజులా నడిచి, గొంతు సవరించుకుని, కర్రతో సగం గీత గీశాడు.

అక్కడ ఆగిపోయాడు.

"వీరేశం, మీ ఇంట్లో వంట మొదలైందా?"

"ఇంకా లేదు బావగారూ. పెరడు తేలాక దిగుదామని."

శెట్టి తను గీసిన గీతను కాలితో చెరిపేశాడు. కర్ర చంకలో పెట్టుకున్నాడు.

"అయితే నాకు తెలీదు," అన్నాడు. "ముందు పొయ్యి వెలిగించి, నీళ్ళు వాడుకుని, ఓ వాన చూసి రా. అప్పుడు నువ్వే నాకు చెబుతువు గాని."

విన్నారా పిల్లలూ: ఎంత తెలిసినవాడి మాటైనా, ఆ నేల మీద బతికి చూడక ముందు గీతే అవుతుంది గాని దారి కాదు, తెలియనప్పుడు తెలియదని ఒప్పుకుని, ఓపికగా చూసినవాడికే నేల తన సంగతి చెబుతుంది.