గీత లేవని నీళ్లు

తమ వీధిలోని చిన్నపాప ముబీనా రక్తంలో సీసం ఉందని ఆసుపత్రివాళ్లు చెప్పినప్పుడు నస్రీన్ నమ్మలేదు. ఆ పాప తాగే బోరింగు నీళ్లలో సీసం లేదని తేల్చింది తనే. అయినా అనుమానం పీకుతుంటే ఆ నీళ్లు పట్టి, హైదరాబాదులో పెద్ద యంత్రం ఉన్న ల్యాబుకు పంపింది. జవాబు ఈ ఉదయమే ఫోనులో వచ్చింది. సీసం ఉంది. కొంచెం కాదు.

ఆమె తిన్నగా దైవాధీనం గారి దగ్గరికి వెళ్లింది. ఆయన కెమిస్ట్రీ ప్రొఫెసర్. నస్రీన్ పీహెచ్‌డీ చేస్తున్నది ఆయన దగ్గరే.

ఆమె పనంతా జియోలైట్ అనే ఖనిజం మీద. దాని ఒంటినిండా కంటికి కనపడనంత సన్నని రంధ్రాలు. మెత్తగా నూరి, కార్బన్ పొడిలో కలిపి, ఒక గొట్టం కొసన కూరితే ఎలక్ట్రోడ్ తయారవుతుంది. నీళ్లలో ముంచితే సీసం ఆ రంధ్రాల్లోకి దూరి చిక్కుకుంటుంది. తర్వాత కరెంటు పంపితే కంప్యూటర్ తెర మీద గీత నిటారుగా పైకి లేస్తుంది. గీత లేచిందంటే సీసం ఉన్నట్టు. సెమినార్లలో ఆ గీతను చూసి మెచ్చుకోనివాళ్లు లేరు.

నస్రీన్ వాళ్ల వీధి వెనక ఒకప్పుడు పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డు ఉండేది. అది మూతపడినా జనానికి భయం పోలేదు. ఇంటి ముందున్న బోరింగు వదిలేసి, ఎక్కడో రైల్వే గేటు అవతలి నుంచి నీళ్లు మోసుకొచ్చుకునేవాళ్లు. చదువుకున్నదానివి, నువ్వే చూసి చెప్పమన్నారు. చూసింది. గీత లేవలేదు. నిశ్చింతగా తాగండని ఇంటింటికీ తిరిగి చెప్పింది. ఆడవాళ్లు ఆ మోత మానేశారు.

ఇప్పుడు ఎలక్ట్రోడ్‌ను బల్ల మీద పెట్టి, "ఇది నాకెందుకు అబద్ధం చెప్పింది సార్?" అంది.

దైవాధీనం గారు రెండు బీకర్లు తీశారు. ఒకదాంట్లో డిస్టిల్డ్ వాటర్, రెండోదాంట్లో ఆమె తెచ్చిన బోరింగు నీళ్లు పోశారు. సీసం ద్రావణాన్ని రెండింట్లోనూ సమానంగా వేశారు.

"ముంచు" అన్నారు.

మొదటి బీకరులో గీత ఎప్పటిలాగే పైకి లేచింది. రెండోదాంట్లో గీత తెర ఈ కొస నుంచి ఆ కొస దాకా చదునుగా పోయింది.

ఆయన ఇంకాస్త సీసం వేశారు. మళ్లీ ముంచింది. మళ్లీ చదునే.

"నా కళ్లముందే వేశారు కదా సార్."

"వేశాను."

నస్రీన్ ఆ చదును గీతను చూస్తూ ఉండిపోయింది. ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకునే తెల్లటి పొర గుర్తొచ్చింది. ఎంత తోమినా పోదది. కాల్షియం. ఆ నీళ్లలో సీసం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. రంధ్రాలన్నిటినీ అదే నింపేస్తే, ఇక సీసానికి చోటెక్కడిది?

"నేను అన్నీ డిస్టిల్డ్ వాటర్‌లోనే చేశాను సార్" అంది. "అది ఎవరూ తాగరు."

"నేనూ చూసి బాగుందన్నాను" అన్నారాయన.

"ఇంకో చాప్టర్ రాస్తాను సార్. కాల్షియం అడ్డొస్తుందని రాస్తాను. ముందు కాల్షియాన్ని తీసేసి, ఆ తర్వాత ముంచితే..." మాట ఆపితే ఏమవుతుందోనన్నట్టు చెప్పుకుంటూ పోయింది.

ఆయన యంత్రం కట్టేసి, చెప్పులు వేసుకున్నారు.

"పదమ్మా."

ఆటోలో వెళ్తున్నంతసేపూ నస్రీన్ ఒకటే అనుకుంది. సార్ పెద్దాయన. నెమ్మదిగా చెప్తారు. ఆయన చెప్తే వీధిలోవాళ్లు వింటారు.

బోరింగు దగ్గర ఖైరున్ ఖాలా నీళ్లు కొడుతోంది. ముబీనాకు నానమ్మ. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు బిందెలతో నిలబడి ఉన్నారు.

"పాప ఎట్లుంది ఖాలా?" అని అడిగింది నస్రీన్.

"ఫిట్స్ తగ్గినాయి. మాట మాత్రం రాలేదు. పోయింది మళ్లీ రాదన్నాడు డాక్టరు. ఆ షెడ్డు పొగ పాడుగాను." ఖాలా కొంగుతో మొహం తుడుచుకుంది. "నీ పుణ్యమా అని నీళ్లన్నా మంచివి తాగుతున్నాం." అప్పుడు దైవాధీనం గారిని చూసి, గ్లాసు కడిగి నింపి ఇచ్చింది. "ఎండన పడి వచ్చినారు, తాగండి సార్. ఏం భయం లేదు. మా నస్రీనే చూసి చెప్పింది."

ఆయన గ్లాసు అందుకున్నారు. తాగలేదు. తీసుకెళ్లి నస్రీన్ చేతిలో పెట్టారు.

"మీరు చెప్పండి సార్" అంది ఆమె నేలను చూస్తూ. "నా వల్ల కాదు."

"నేనెవరో వీళ్లకు తెలీదమ్మా. నువ్వు చెబితేనే నమ్ముతారు."

నస్రీన్ గ్లాసును బోరింగు గట్టు మీద పెట్టింది. రంధ్రాల గురించి గానీ కాల్షియం గురించి గానీ ఆమె ఒక్క మాట ఎత్తలేదు.

"ఈ నీళ్లలో సీసం ఉంది ఖాలా. లేదని నేను చెప్పింది తప్పు. తాగొద్దు."

ఖాలా చెయ్యి బోరింగు పిడి మీద అలాగే ఉండిపోయింది. నిండిన బిందె పక్కన నిలబడ్డ ఒకామె దాన్ని ఎత్తుకోలేదు, ఒంపెయ్యనూ లేదు. ఊరికే అందులోకి చూస్తూ ఉంది.

నస్రీన్ వచ్చిన దారి వైపు తిరిగింది. "చెప్పేశాను కదా సార్, వెళ్దాం" అంది.

దైవాధీనం గారు బోరింగు గట్టు మీద కూర్చున్నారు.

"వాళ్లింకా ఏమీ అడగలేదమ్మా."