వనమూర్తి భట్టు పాతిన పసుపు

రాజసింహ భూపతికి ఆ ఏడు ఒక సరదా పుట్టింది. పని లేనివాళ్లకు సరదాలు పుడుతూనే ఉంటాయి, వాటికి చెమటోడ్చేది మాత్రం వేరే వాళ్లు. పెరట్లో మేలైన పసుపు పండించినవారికి ఏటి ఒడ్డున మాగాణి మడి ఇనాం అని చాటింపు వేయించాడు.

పుష్యమాసంలో దుంపలు తవ్వి అందరూ గంపలు తెచ్చారు. అన్నిటికంటే బరువైన గంప ఆస్థాన పండితుడు వనమూర్తి భట్టుది. చెయ్యి మందాన దుంపలు, విరిస్తే నిగనిగలాడే నారింజ రంగు. భట్టు తన మీద తానే చెప్పుకున్న పద్యం చదివాడు. మట్టిని ఏనాడూ ముట్టని చేతులన్నీ చప్పట్లు కొట్టాయి.

అంతలో సుంకులమ్మ అనే కూలిమనిషి ఖాళీ చేతులతో కొలువులోకి వచ్చింది.

"అవి నా దుంపలు సామీ. ఎనిమిది నెలలు బిందెలతో నీళ్లు మోసి పెంచినా. నిన్న సంతకు పోయొచ్చేసరికి మడంతా తవ్వుకుపోయినారు."

"చూసినవాళ్లున్నారా?" అన్నాడు రాజు.

"లేరు. నా దుంపల్ని నేను గుర్తుపట్టనా?"

"పండితుడి మీద నింద వేశావు. రుజువు చెయ్యకపోతే నీ పెరడు ఆయనకు రాసిస్తాం."

రాజు పక్కనే తాంబూలం పళ్లెం పట్టుకుని నిలబడ్డ ఓబన్నకు ఒళ్లు మండింది. తవ్వినవాడిదే దుంప అయితే దొంగకు మించిన రైతు లేడు! ఆ కోపాన్ని ఆకులో చుట్టి, లవంగం గుచ్చి, నవ్వు ముఖంతో భట్టు వైపు తిరిగాడు.

"పెద్ద పంటే తీశారు స్వామీ. ఇంతకీ విత్తనం ఏది వాడారు? మామూలు జనం వేళ్లూ బురదా పట్టిన వికారపు దుంపలు పాతుతారు. తమరూ అవే పాతారా?"

భట్టు ముక్కు చిట్లించాడు. "నేనా? ఆ మురికి దుంపలా?"

"అదే నేనూ అనుకున్నా. తమ స్థాయికి తగ్గది ఏదో వేసుంటారు."

"కోటలో సరుకులు దాచే ఉగ్రాణం నుంచి తెప్పించానోయ్. ఏరి ఏరి, బంగారు కడ్డీల్లాంటి కొమ్ములు."

"పూజ పళ్లెంలో పెట్టేవా?"

"అవే. ఎండి గలగలలాడేవి. రాతి మీద వేస్తే ఖణేల్‌మనాలి. అలాంటివి నూటెనిమిది, నా చేత్తో పాతాను."

"ప్రమాణంగానా?"

"నా విద్య మీద ప్రమాణం."

కొలువు వెనక నిలబడ్డ వంటవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. సుంకులమ్మ ఒక్క క్షణం భట్టును వింతగా చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎందుకా నవ్వు?" అన్నాడు రాజు. ఆ సభలో ఇంకా అర్థంకానిది ఆయనకూ భట్టుకే.

"చెప్పు సుంకులమ్మా. ఆ కొమ్ములు ఉగ్రాణానికి ఎట్లా వస్తాయి?" అన్నాడు ఓబన్న.

"పచ్చి దుంపల్ని కాగుల్లో పోసి మెత్తగా ఉడకబెడతాం సామీ. ఆ పైన పదిహేను దినాలు ఎండేస్తాం. విత్తనానికి ఉడకబెట్టని పచ్చి దుంపలు ముందే తీసి దాచుకుంటాం."

భట్టు గంపను కాలితో మెల్లగా వెనక్కి తోయబోయాడు. అది కదల్లేదు.

ఓబన్న రాజుకు వంగి దండం పెట్టాడు.

"ఇక మనకు కరువు లేదు ప్రభూ. వంటింట్లో మిగిలిన అన్నం భట్టుగారికి ఇప్పించండి, పొలంలో చల్లితే వరి కోసుకుందాం."

కొలువంతా పగలబడి నవ్వింది. ఇందాక చప్పట్లు కొట్టినవాళ్లే అందరికంటే గట్టిగా నవ్వారు. ఆ జాతి అంతే. చివరకు రాజుకూ అర్థమైంది, సింహాసనం కిర్రుమనేలా నవ్వాడు.

మాగాణి మడీ, భట్టు భుజాన ఉన్న పట్టు శాలువా సుంకులమ్మవయ్యాయి. ఓబన్న చేతికి రాజు తన కంకణం తొడిగాడు.

"ఈ గంప మా ఇంటికి చేరేదెట్లా సామీ? చానా బరువు," అంది సుంకులమ్మ.

"మోసుకొచ్చినవాడే మోసుకెళ్తాడు," అన్నాడు రాజు.

వనమూర్తి భట్టు తలపాగా తీసి, గంప బరువుకు చుట్టకుదురుగా చుట్టి నెత్తిన పెట్టుకున్నాడు.