చలిపులికి బొట్టు పెట్టిన పైడి

అనగనగా ఒక ఊళ్ళో... ఆ ఊరి పేరు మంచుగొంది. ఇలా దగ్గరికి జరుగు కన్నా. గట్టిగా చెప్పానంటే ఆ ఊరి చలి ఇక్కడిదాకా వచ్చేస్తుంది.

ఎంత చలనుకున్నావు? పుష్యమాసం వచ్చిందంటే తెల్లారగట్ల కోడి నోరు తెరిచి 'కొక్కొరో' అనేది. ఆ మిగిలిన 'కో' అనేసరికి మధ్యాహ్నమయ్యేది. మనుషులు పొలానికి పోతే వాళ్ళ నీడలు చలికి గోడకి అతుక్కుపోయి ఇంటి దగ్గరే ఉండిపోయేవి. ఎండెక్కాక మెల్లిగా ఊడి, వాళ్ళ వెనక పరుగెత్తేవి. నవ్వకు. మా అమ్మమ్మ కళ్ళారా చూసింది.

ఆ చలి ఊరికే వచ్చేది కాదు. కొండమీద చలిపులి ఉండేది. ఏనుగంత. కాదులే, రెండేనుగులంత. ఒళ్ళంతా బూడిదరంగు, దానిమీద తెల్లటి మంచు చారలు. మీసాలు మంచు సూదులు. నడిస్తే అడుగు చప్పుడుండదు. కాళ్ళకింద గడ్డి మాత్రం గాజుముక్కల్లా చిటచిటమని విరిగేది.

అది మనిషిని తినదు. తిన్నా బాగానే ఉండును! ఒక్కసారి నాకుతుంది, అంతే. ఒంట్లో వెచ్చదనమంతా దాని నాలిక్కి అంటుకుని పోతుంది. ఆ తర్వాత ఎన్ని దుప్పట్లు కప్పినా, ఎంత నెగడు వేసినా ఆ ఒళ్ళు ఇక వెచ్చబడదు. కిందటేడు ఒక దూడని నాకింది. పాపం, ఆ దూడ తోక పైకెత్తినది ఎత్తినట్టే రాయిలా నిలబడిపోయింది.

ఆ ఊళ్ళో పైడి అని ఒక పిల్ల ఉండేది. నీ అంతే ఉంటుంది, నీకన్నా కాస్త తక్కువ అల్లరి. దాని అమ్మ నూకాలు, అయ్య గంగులు. ఇద్దరూ కొండచీపుళ్ళు కట్టి సంతలో అమ్మేవాళ్ళు.

ఒకసారి పైడి సంతకి పోయినప్పుడు షావుకారు గారి మనవడి పుట్టినరోజు చూసింది. రంగుల పందిరి చూసింది. ఆ తర్వాత బుడగలు చూసింది. ఆ తర్వాత ఇంతెత్తు కేకు చూసింది. ఇంటికొచ్చి కాళ్ళు నేలకేసి కొట్టింది.

"నాకూ కావాలి పుట్టినరోజు!"

గంగులు తల గోక్కున్నాడు. "నువ్వు పుట్టిందేమో పుష్యమాసం. ఈ చలిలో ఎవరొస్తారే? ఎండాకాలంలో చేసుకుందాం."

"పుట్టినరోజంటే పనసపండేటయ్యా, ఎండాకాలందాకా ఆగడానికి?" అంది నూకాలు. కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. "చూడవే తల్లీ. పందిరెందుకు? మన వాకిట్లో పొద్దెక్కాక బంగారం లాంటి ఎండొస్తది. ఎండకి అద్దె నేదు. బుడగలెందుకు? కొండంతా వలిసెపూలు పసుప్పచ్చగా విరగబూసినాయి, దండలు గుచ్చుదాం. కేకెందుకు? మినప్పిండి మూకుట్లో పోసి, కింద నిప్పులు, పైన నిప్పులు పెట్టి, నీ మొహమంత దిబ్బరొట్టె కాలుస్తాను. వేడివేడిగా ఉలవచారు, మిరియాలచారు. వాసనకి చలిలో ముసుగు తన్నినోళ్ళు కూడా నేచొస్తారు!"

పైడి మొహం వెలిగింది. ఎంత వెలిగిందంటే ఆ పూట ఇంట్లో దీపమే పెట్టలేదు.

అప్పుడు తల్లీ కూతుళ్ళు కుంకుమభరిణె పట్టుకుని పిలుపులకి బయల్దేరారు. బొట్టు పెట్టి పిలిస్తేనే పిలుపు కదా. ఒక ఇంట్లో ఆడవాళ్ళకి బొట్టు పెట్టారు. ఆ తర్వాతి ఇంటికి తాళం వేసి ఉంది. నూకాలు తలుపుకే బొట్టు పెట్టి, "మా పైడి పుట్టినరోజు, తప్పకుండా రండి" అని చెప్పి వచ్చేసింది.

"తలుపుకి చెప్తావేటమ్మా?" అంది పైడి.

"తలుపుకి పెడితే లోపలోళ్ళకి పెట్టినట్టే. ఒకసారి బొట్టు పెట్టి పిలిచామా, ఇక రావద్దనడానికి నేదు."

ఆ మాట పైడికి తెగ నచ్చేసింది. అప్పటినుంచి భరిణె దాని చేతికే. బండిచక్రానికి పెట్టింది, మేకపోతు కొమ్ములకి పెట్టింది, అరుగుమీద నిద్రపోతున్న గంగులు బట్టతలకి కూడా పెట్టింది.

ఆ తర్వాత నూకాలు వలిసెపూలు కోయడానికి కొండవాలుకి పోయింది. పైడి వెనకే పోయింది. తల్లి వంగి పూలు కోసుకుంటోంది. పైడికి ఒకచోట పెద్ద బండ కనిపించింది. కొండ గోడకి చేరేసిన తలుపులా, నిలువుగా, నున్నగా ఉంది. 'ఎవరిదో ఇల్లు, తాళం వేసుకుని పోయారు' అనుకుంది పిల్ల. మునివేళ్ళమీద నిలబడి ఇంత బొట్టు పెట్టేసింది.

"నా పుట్టినరోజు. తప్పకుండా రండి!"

బండ చల్లగా ఉంది. ఎంత చల్లగా అంటే వేలు అతుక్కుపోయింది. లాక్కుంటే గానీ రాలేదు. అప్పుడు బండ వెనకనుంచి, బావిలోంచి వచ్చినట్టు, ఒక గొంతు వినిపించింది.

"వ...స్తా...ను."

పైడి గుండె జారి గోచీలో పడింది. దానికి గోచీ ఎక్కడిదంటావా? సరే, గౌనుజేబులో పడింది. పరుగున వచ్చి తల్లి కొంగు పట్టుకుంది. పుట్టినరోజు పోతుందన్న భయం ఒకటి, తిడతారన్న భయం ఒకటి. నోరు మూసుకుంది.

మర్నాడు ఊరి పొలిమేరలో గడ్డిమీద ఒక అడుగు కనిపించింది. చేటంత అడుగు. లోపల మంచు పేరుకుని ఉంది.

ఆ మర్నాడు అడుగులు నడివీధిదాకా వచ్చాయి. కుక్కలు మొరగలేదు. పొయ్యిలో తలలు పెట్టుకుని పడుకున్నాయి.

ఆ పై మర్నాడు పైడి లేచి తలుపు తీస్తే... ఇంకా దగ్గరికి రా... వాళ్ళ గడప మీదే ఉంది అడుగు! పక్కనే గోడమీద నాలిక గీత. ఆ గీత పడినమేర సున్నం పెళ్ళలు పెళ్ళలుగా ఊడిపోయింది.

అప్పుడు పైడి గొల్లుమని ఏడ్చి అంతా చెప్పేసింది.

గంగులు మంచం కిందకి దూరాడు. "పుట్టినరోజు లేదు, ఏం లేదు! తలుపులు బిగించెయ్యి!" అన్నాడు అక్కణ్ణించే.

"బొట్టు పెట్టి పిలిచాక తలుపులు మూస్తే ఊరుకుంటాదా? తలుపులు నాకి లోపలికొస్తాది." నూకాలు గట్టిగానే అంది. గాజులు వెనక్కి తోసుకుని మినప్పప్పు చేటలోకి తీసింది. "పిలిచినాం. వస్తాది. పెడదాం. ఎంత పెట్టాలో అంతా పెడదాం."

ఊరందరికీ సంగతి తెలిసిపోయింది. పిలుపులందుకున్నవాళ్ళంతా గడియలు వేసేసుకున్నారు. పుట్టినరోజునాడు వాకిట్లో ఎండ కాసింది, వలిసెపూల దండలు ఊగాయి, అడ్డాకుల విస్తళ్ళు పరిచారు. ఒక్క పిల్లైనా రాలేదు. వచ్చింది ఒక్క సన్యాసమ్మే.

సన్యాసమ్మ పక్కింటి ముసలమ్మ. విందుకి రమ్మంటే పిడుగులు పడుతున్నా వచ్చే రకం. తింటుంది, దానికి పదింతలు తినిపిస్తుంది. ఆవిడ బలవంతం పెట్టిందంటే పాడెమీద ఉన్నవాడైనా లేచి కూర్చుని మారు వడ్డించమనాల్సిందే.

"పులొస్తే రానీయే. నాకు పళ్ళు నేవు, దానికి పిలుపుంది. చూద్దాం ఎవలు ముందు లేస్తారో," అంది విస్తరి ముందు చతికిలబడి.

అప్పుడు ఎండ పాలిపోయింది. దండలమీద మంచు పట్టింది. వీధి చివర గడ్డి చిట్... చిట్... చిట్.

వచ్చింది. రెండేనుగులంత పులి, నుదుట ఎర్రగా కుంకుమబొట్టు! వాకిట్లో సగం దాని తలకే సరిపోయింది. పైడి అమ్మ చీరలోకి దూరిపోయింది.

"పిలిచారు, వచ్చాను," అంది చలిపులి. మాట మాటకీ నోట్లోంచి మంచు రాలింది. "పోయేటప్పుడు తాంబూలం ఇస్తారు కదా. నాకు ఆకులూ వక్కలూ వద్దు. ఆ పిల్ల ఒంట్లో వెచ్చదనం ఇవ్వండి. ఒక్కసారి నాకి పోతాను."

అతిథి నోరు తెరిచి అడిగాడు, కాదంటే పులి కోపం, సరేనంటే పిల్ల రాయి. నూకాలు ఏం చేస్తుంది? కొంగు నడుముకి బిగించింది.

"అలాగే అన్నయ్యా. భోంచేశాక కదా తాంబూలం! తినకుండా పంపితే మా పరువేం కాను? కూకో."

పులి కూర్చుంది. దాన్ని ఇంతవరకూ అన్నయ్యా అన్నవాళ్ళు లేరు మరి.

అప్పుడు నూకాలు నిప్పులమీంచి తీసిన దిబ్బరొట్టె, అల్లప్పచ్చడి విస్తట్లో వేసింది. పులి ఒక్క గుటకలో మింగింది. దాని చెవుల్లోంచి ఆవిరి వచ్చింది. "చాలు," అంది లేవబోతూ.

"లేస్తావేటి?" సన్యాసమ్మ కళ్ళెర్రజేసింది. "ఇంత ఒళ్ళేసుకుని కోడిపిల్ల తిన్నట్టు తింటావేటి? అన్నయ్యా అన్నాది కదా, అంటే పిల్లకి మేనమామవి. ఉత్తిచేతుల్తో వచ్చావు సరే, ఉత్తి కడుపుతో పోతావా? ఎయ్యవే నూకాలూ, ఇంకో నాలుగెయ్యి!"

నాలుగు పడ్డాయి. అవి మింగేసరికి పులి వీపుమీద చారలు కరిగి కారాయి. రెండేనుగుల పులి గేదెంత అయింది.

ఆ తర్వాత సన్యాసమ్మే లేచింది. ఉలవచారు కుండ ఎత్తుకుంది. కుతకుత ఉడుకుతోంది.

"వద్దమ్మా, నిండిపోయింది," అంది పులి, విస్తరికి పంజా అడ్డం పెట్టి.

"నా మీద ఒట్టే!"

"నిజంగా వద్దు..."

"వద్దంటే నా మీద అభిమానం నేదన్నమాట. ముసిల్దాన్ని, రేపుంటానో నేదో." ఆవిడ ముక్కు చీదింది. పులికి మొహమాటం వేసింది. పంజా తీసింది. కుండ కుండంతా విస్తట్లో గుమ్మరించేసింది సన్యాసమ్మ. పులి తాగింది. మీసాల సూదులు కరిగి టపటప రాలాయి. గేదెంత పులి మేకంత అయింది.

కానీ కన్నా, మేకంత పులికి కూడా నాలిక ఉంటుంది. అది ఒక్క ఉదుటున లేచింది. "ఇక చాలు! తాంబూలం!" అని అరిచి పైడి వైపు తిరిగింది. నోరు తెరిచింది. నల్లటి గుహలాంటి నోరు, అందులోంచి తెల్లటి నాలిక మెల్లిగా, మెల్లిగా సాగుతూ వచ్చింది. పైడి కాలిబొటనవేలు మొద్దుబారింది. పాదం మొద్దుబారింది. మోకాలిదాకా చల్లబడిపోయింది. నూకాలు కేక పెట్టింది.

పైడికి పారిపోదామంటే కాళ్ళు రావు. పక్కనే మిరియాలచారు గిన్నె ఉంది, సలసల మరుగుతూ. దాంట్లో గరిటె ఉంది. పిల్ల పళ్ళు టకటకలాడుతున్నాయి. అయినా గరిటె నిండా ముంచింది.

"మా... మావయ్యా! నా పుట్టినరోజు కదా. నా చేత్తో ఒక్క గరిటె!"

పుట్టినరోజు పిల్ల తన చేత్తో వడ్డిస్తే వద్దనే మొనగాడు ఈ భూమ్మీద పుట్టలేదు. పులి ఒక్క క్షణం తటపటాయించింది. ఆ క్షణంలో గరిటెడు చారు నాలికమీద పడింది.

చుయ్యిమంది! ఆ మోతకి కొండమీద కోతులు కింద పడ్డాయి. ఏడు ఊళ్ళవతల అత్తాకోడళ్ళు పోట్లాట ఆపి విన్నారు. పులి నాలిక చుట్టచుట్టుకుపోయింది. కళ్ళల్లోంచి, ముక్కులోంచి, చెవుల్లోంచి నీళ్ళే నీళ్ళు. మేకంత పులి పిల్లి అంత అయింది, ఉత్త పిల్లికూన. వాకిలంతా మడుగు.

పైడి కాలిబొటనవేల్లోకి జివ్వుమని నెత్తురొచ్చింది. ఆ తర్వాత పాదంలోకి. ఆ తర్వాత మోకాలిదాకా. నూకాలు పిల్లని లాక్కుని గుండెకి అదుముకుంది. వెచ్చగా ఉంది. వెచ్చగానే ఉంది!

తలుపుల సందుల్లోంచి చూస్తున్న ఊరంతా బయటికొచ్చేసింది. పిల్లలు విస్తళ్ళ ముందు బిలబిలా కూర్చున్నారు. గంగులు కూడా మంచం కిందనుంచి వచ్చి, పులిని తనే తరిమినట్టు మీసం తిప్పాడు.

తాంబూలం మాట పులి మళ్ళీ ఎత్తలేదు. నాలిక ఊదుకుంటూ, తడిసిన తోక ఈడ్చుకుంటూ వీధి చివరిదాకా పోయింది. అక్కడ తిరిగి చూసి, "పెల్తాను," అంది నత్తిగా. కాలిన నాలిక కదా.

అందరూ హమ్మయ్య అనుకున్నారు. పీడ పోయింది, జన్మలో ఇక రాదు. అప్పుడేమైందో తెలుసా? మన పైడి మర్యాద తెలిసిన పిల్ల. ఇంటికొచ్చినవాళ్ళు పోతుంటే ఏమనాలో వాళ్ళమ్మ నేర్పింది. చెయ్యి ఊపుతూ గట్టిగా అనేసింది:

"మళ్ళీ రండి మావయ్యా!"

ఊరంతా ఒక్కసారి నెత్తి కొట్టుకుంది. ఆ చప్పుడు కొండకి తగిలి తిరిగొచ్చింది. దాంతోపాటు చిన్న గొంతు కూడా వచ్చింది.

"తప్పకుండా."

అందుకే ప్రతి ఏడూ చలి వస్తోంది. పిలిచారు మరి! కాకపోతే నాలిక ఇంకా మంటే దానికి. అందుకే పెద్దగా నాకదు. ఎవరి కాళ్ళు దుప్పట్లోంచి బయటికున్నాయా అని వెతుక్కుంటుంది, అంతే.

అదిగో. నీ ఎడమకాలు. లోపలికి లాక్కో... ఇంకా... ఆ. ఇప్పుడు నాకేసి తిరిగి పడుకో.

కథేమో కంచికి,
పులేమో మంచుకి,
చారేమో గిన్నెకి,
నిద్రేమో కన్నుకి,
అమ్మమ్మా మనవడూ ఒక్క దుప్పటికి!