గవరయ్య కట్టకి ఎర్రబొట్టు

దుప్పటి కప్పుకున్నావా? కాళ్ళు ఆడించకు మరి.

అనగనగా అనకాపల్లి అవతల ఒక ఊళ్ళో గవరయ్య అని ఒక చెరుకు రైతు ఉండేవాడు. వాన నీళ్ళన్నీ వాగులో కలిసిపోతున్నాయని, తన పొలానికి ఎగువన తనే మట్టి మోసి, తొక్కి, ఒక కట్ట వేసుకున్నాడు. సొంత కట్ట! రోజూ దాని మీద నిలబడి, మీసం మెలేస్తూ నీళ్ళు చూసుకునేవాడు.

అప్పుడు ఊరూరా కట్టలు తనిఖీ చేసే ఒక ఇంజనీరమ్మ వచ్చింది. అటూ ఇటూ తిరిగి, కట్ట మీది రాయికి ఆకుపచ్చరంగుతో బొట్టు పెట్టింది. "ప్రమాదం తక్కువ బాబాయ్" అంది. గవరయ్య ఊరంతా చెప్పుకున్నాడు.

ఆ తర్వాత గవరయ్య కూతురు నూకరత్నానికి పెళ్ళయింది. కూతురు కళ్ళెదుటే ఉండాలని కట్ట కిందే ఇల్లు కట్టించి ఇచ్చాడు. చల్లగా ఉంటుందట! పాప కూడా పుట్టింది.

అప్పుడు ఇంజనీరమ్మ మళ్ళీ వచ్చి, అదే రాయికి ఎర్రబొట్టు పెట్టింది. "ఇప్పుడు ప్రమాదం ఎక్కువ" అంది. ఓరి నాయనో! గవరయ్యకి బుర్ర తిరిగిపోయింది. కట్ట అదే, మట్టి అదే, నీళ్ళూ అవే. మరి పచ్చబొట్టు ఎర్రబొట్టు ఎందుకయింది?

కట్ట మెత్తబడిందేమోనని మట్టి పోసి గట్టిగా దిమ్మిస కొట్టాడు. బొట్టు ఎర్రగానే ఉంది. ఆ తర్వాత నీళ్ళ వైపు రాళ్ళు పరిచాడు. అయినా ఎరుపే. అప్పుడిక ఎవరిదో దిష్టి తగిలిందని బూడిదగుమ్మడికాయ కట్టాడు! నవ్వకే, పాపం, మనిషికి దిక్కు తోచలేదు.

ఇంజనీరమ్మ వచ్చి గుమ్మడికాయ చూసి ఆగిపోయింది.

"నా కట్ట బాగోలేదా అమ్మా?" అన్నాడు గవరయ్య.

"భేషుగ్గా ఉంది బాబాయ్."

"మరి ఎరుపెందుకు తల్లీ?"

"ఎప్పుడూ నీళ్ళ వైపే చూస్తావేం? ఒక్కసారి వెనక్కి తిరుగు. ఇది తెగితే నీళ్ళు ఎవరి మీద పడతాయో చూడు. ఆ బొట్టు పెట్టింది అందుకు."

గవరయ్య తిరిగాడు. కింద నూకరత్నం ఇంటి పెంకులు కనిపించాయి. వాకిట్లో పాప గుడ్డలు ఆరుతున్నాయి. గబగబా దిగిపోయి పాపని భుజాన వేసుకున్నాడు.

"సామాన్లు సర్దమ్మా. మెట్ట మీద మన పాకలోకి పోదాం."

నూకరత్నానికి ఏమీ అర్థం కాలేదు. "అదేటి నాన్నా? కట్ట గట్టిదని నువ్వే అన్నావు కదా!"

"గట్టిదేనమ్మా."

"మరెందుకు?"

"కింద నువ్వున్నావు తల్లీ."

ఆ ఏడు కట్ట తెగిందా అని అడుగుతావు, నాకు తెలుసు. తెగలేదు. అయినా నూకరత్నం మెట్ట మీదే ఇల్లు కట్టుకుంది. ఇంజనీరమ్మ వచ్చి, కింద ఎవరూ లేరని చూసి, రాయికి మళ్ళీ పచ్చబొట్టు పెట్టింది. గవరయ్య మాత్రం రోజూ కట్టెక్కి, నీళ్ళకి వీపు పెట్టి, ముందు కిందికి చూసేవాడు, ఎవరైనా ఉన్నారేమోనని.

కట్ట మీద గవరయ్య,
మెట్ట మీద పాపాయి,
కథేమో కంచికి,
కళ్ళేమో నిద్దరకి.